ముందు అన్నం, తర్వాత వాక్యం

జనవరి వచ్చిందంటే పల్నాడులో కూలికెళ్లే తల్లుల చేతులు మండుతూనే ఉంటాయి. మిరపకోత నుంచి వచ్చి సబ్బుతో ఎంత కడిగినా, కొబ్బరినూనె ఎంత రాసినా ఆ మంట ఓ పట్టాన తగ్గదు. చంటిబిడ్డ గుక్కపట్టి ఏడుస్తున్నా తల్లి ఎత్తుకోవడానికి జంకుతుంది, ఆ చెయ్యి ఎక్కడ పిల్ల కంటికి తగులుతుందోనని. తెల్లారకముందే లేచి వంట చేసి, పిల్లలకు క్యారేజీలు కట్టి, ఆటో ఎక్కి చేలోకి వెళ్లి, సాయంత్రం వచ్చి మళ్లీ పొయ్యి వెలిగించి, డ్వాక్రా వాయిదాకు ఇంకా ఎంత తక్కువైందో లెక్క చూసుకుని పడుకునే తల్లి ఆదివారం చర్చికొస్తుంది. ఆరాధన అయ్యాక నాలుగు మాటలు చెప్పుకుంటే ఆమెకు దొరికే జవాబు దాదాపు ఎప్పుడూ ఒకటే: "ఓర్చుకో తల్లీ, దేవుడు చూసుకుంటాడు."

దేవుడు చూసుకుంటాడని నేనూ నమ్ముతాను. నా పేచీ అంతా ఆ "ఓర్చుకో"తోనే. అలసిపోయిన మనిషిని దేవుడు ఎలా చూసుకుంటాడో బైబిలు చాలా వివరంగా చెప్పింది. మనం ఆ వివరం దాకా వెళ్లకుండా ఓర్పు దగ్గరే ఆగిపోతున్నాం.

మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయం తీయండి. కర్మెలు కొండ మీద ఆకాశం నుంచి అగ్ని దింపిన ప్రవక్త ఏలీయా, ఆ వెంటనే యెజెబెలు రాణి బెదిరింపు విని ప్రాణభయంతో పారిపోతాడు. అడవిలో ఒక రోజు ప్రయాణం చేసి, బదరీ చెట్టు కింద కూలబడి, ఇక చాలు, నా ప్రాణం తీసుకో అని దేవుణ్నే అడుగుతాడు. అలా అడిగి నిద్రపోతాడు. అప్పుడు దేవుడు పంపిన దూత ఏం చేశాడు? నీకు విశ్వాసం తగ్గిందని గద్దించలేదు. వాక్యం చెప్పలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, కూజాతో నీళ్లు తలదగ్గర పెట్టి, లేచి తినమన్నాడు. ఏలీయా తిని మళ్లీ పడుకున్నాడు. దూత పడుకోనిచ్చాడు. రెండోసారి లేపి మళ్లీ తినమన్నాడు, నీకు చాలా దూరం ప్రయాణం ఉంది అన్నాడు. దేవుడు అతనితో మాట్లాడింది ఆ తర్వాత, నలభై రోజులు నడిచి హోరేబు చేరాక.

యేసు పద్ధతీ ఇదే. యాయీరు కూతురిని బతికించాక ఇంట్లోవాళ్లంతా బిత్తరపోయి నిలబడితే, ఆ పిల్లకు తినడానికి ఏమైనా పెట్టమని గుర్తుచేసింది ఆయనే. తనను ఎరగనని మూడుసార్లు బొంకిన పేతురును తిబెరియ సముద్రం ఒడ్డున కలిసినప్పుడు కూడా, ముందు నిప్పులు రాజేసి చేపలు కాల్చి తినిపించాడు. నన్ను ప్రేమిస్తున్నావా అన్న ప్రశ్న ఆ తిండి అయిపోయాకే వచ్చింది.

కాబట్టి రాత్రి బైబిలు తెరిచి రెండు వచనాలు చదివేలోపే నిద్ర ముంచుకొస్తే అది సాతాను శోధన అని భయపడకండి. పన్నెండు గంటలు వంగి కాయలు కోసిన ఒంటికి నిద్ర రావడం పాపం కాదు. బైబిలు మూసి పడుకోండి. పొద్దున్నే ఆయన అక్కడే ఉంటాడు.

ఈ నేల మీద మొదట చేసిన పని

ముందు ఒళ్లు, తర్వాత వాక్యం అనే ఈ వరస పల్నాడు క్రైస్తవ చరిత్రలో కూడా కనిపిస్తుంది. లూథరన్ మిషనరీ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్ 1842 జులై 31న గుంటూరు చేరాడు. కొన్నేళ్లకు అమెరికా తిరిగి వెళ్లి, అక్కడ వైద్యం చదివి, మళ్లీ వచ్చి 1849లో గురజాలలో మకాం పెట్టాడు. అప్పటికి ఆయనకు యాభై దాటాయి. ఆ వయసులో మందుల చదువు ఎందుకంటే, జ్వరంతో మూలుగుతున్న మనిషికి వాక్యం ఎక్కదని ఆయనకు అర్థమైంది కనుకే అని నేననుకుంటాను.

ఆడవాళ్ల విషయంలో ఆ పనిని అన్నా సారా కుగ్లర్ చేసింది. 1883లో గుంటూరు వచ్చిన ఆ డాక్టరమ్మకు మిషను వాళ్లు మొదట అప్పగించింది ఆడపిల్లల చదువు, ఇళ్లకు వెళ్లి స్త్రీలకు చెప్పే బోధ. ఆమె ఆ పని చేస్తూనే రోగుల్ని చూడటం మొదలుపెట్టింది. పరదా మాటున ఉండే స్త్రీలు మగ డాక్టరుకు చెయ్యి కూడా చూపించుకోని రోజులవి. 1898లో గుంటూరులో స్త్రీల ఆసుపత్రి తెరిచారు. 1930లో చనిపోయేదాకా ఆమె జీవితం ఆ ఊరిదే. నేటికీ ఆ ఆసుపత్రికి కుగ్లర్ పేరే.

నరసరావుపేట వైపు బాప్టిస్టులు 1880 దశకంలో వచ్చారు. వాళ్ల పనికి మూలం ఒంగోలు. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలు కొండ మీద మోకరించి ప్రార్థించిన ఐదుగురిని ఇప్పటికీ తలుచుకుంటారు, ఆ కొండకు ప్రార్థన కొండ అనే పేరు అలా వచ్చింది. ఆ ఐదుగురిలో ముగ్గురు ఆడవాళ్లు: మిషనరీ జువెట్ భార్య, రూతు, జూలియా. ప్రసంగాల్లో జువెట్ పేరు వినిపించినంతగా మిగతా పేర్లు వినిపించవు. తర్వాత గడప గడపకూ తిరిగి వాక్యం చెప్పిన బైబిలు స్త్రీల సంగతి అంతకన్నా కనాకష్టం, చాలామంది పేర్లు కూడా మిగల్లేదు. సంఘం వీళ్ల భుజాల మీద నడిచింది. ఈ మాట మిమ్మల్ని పొగడటానికి చెప్పడం లేదు. విశ్వాసం విషయంలో మీరు ఎవరి ముందూ చెయ్యి చాచాల్సిన వాళ్లు కాదని తెలియడానికి చెబుతున్నాను.

సామెతలు 31 పూర్తిగా చదవండి

మదర్స్ డే వస్తే చర్చిలో తల్లులకు తలా ఒక గులాబీ, ఒక కేకు ముక్క ఇస్తారు. ఆ మధ్యాహ్నం ప్రేమవిందుకు ఉల్లిపాయలు తరిగేది కూడా ఆ తల్లులే. ప్రసంగం మాత్రం ఏటా సామెతలు 31 మీదే ఉంటుంది. తెల్లవారకముందే లేచే స్త్రీ, రాత్రి దీపం ఆరనివ్వని స్త్రీ, నూలు వడికే స్త్రీ. విన్న తల్లి ఇంటికెళ్లి, నేను ఆమెలో సగం కూడా లేనని కుంగిపోతుంది.

ప్రసంగాల్లో ఎక్కువగా దాటేసే మూడు సంగతులు ఆ అధ్యాయంలో ఉన్నాయి. ఒకటి, ఆమె ఇంట్లో పనికత్తెలున్నారు. పదిహేనో వచనం చూడండి, తెల్లవారకముందు లేచింది వాళ్లకు బత్తెం ఏర్పరచడానికి కూడా. అంటే ఆ ఇంటి చాకిరీ అంతా ఒక్క ఒంటి మీద పడలేదు. రెండు, ఆమె పొలం చూసి కొన్నది, సరుకు అమ్మింది. డబ్బు నిర్ణయాలు ఆమెవి. మూడోది అన్నిటికన్నా పెద్దది. అధ్యాయం చివర, ఆమె చేతుల కష్టానికి వచ్చిన ఫలం ఆమెకే ఇవ్వాలని చెప్పి ముగిస్తుంది. రోజంతా మిరపకాయలు కోసిన కూలి మేస్త్రి చేతి నుంచి నేరుగా భర్త జేబులోకి, అక్కణ్నుంచి బ్రాందీ షాపుకు పోయే ఇంట్లో ఈ వచనాన్ని గట్టిగా చదివి వినిపించాలి. కూలి డబ్బు మీ చేతికే ఇవ్వమని మేస్త్రికి చెప్పడం అణకువ లేకపోవడం కాదు, ఆ అధ్యాయాన్ని పాటించడం.

మనకు పనికత్తెలు లేరు, నిజమే. పిల్లలున్నారు. పదేళ్లు దాటిన కొడుకు తను తిన్న కంచం కడగగలడు, మంచాలెత్తగలడు, బిందెతో నీళ్లు తేగలడు. కూతురికి చెప్పే పని కొడుక్కి చెప్పడానికి పల్నాటి తల్లికి నోరు రాదు, మగపిల్లాడు కదా అంటుంది. తిబెరియ ఒడ్డున మగవాళ్లందరికీ వండి వడ్డించింది ఎవరో ఆ పిల్లాడికి సండే స్కూల్లో చెప్పే ఉంటారు. ఆ కథ మళ్లీ చెప్పి చీపురు చేతికివ్వండి.

ప్రార్థనకు చోటు

ఒంటిగదిలో అత్తమామలతో, పిల్లలతో, మేకపిల్లతో సహా బతికేవాళ్లకు తలుపేసుకుని ప్రార్థించండి అని చెప్పడం తేలిక. ఏ తలుపు?

ఇంగ్లండులో మూడు వందల ఏళ్ల కిందట సుసన్నా వెస్లీ అనే తల్లి ఉండేది. పందొమ్మిది మందిని కన్నది, వాళ్లలో తొమ్మిది మంది పసితనంలోనే పోయారు. భర్త చర్చి గురువు, అప్పు తీర్చలేక 1705లో జైలుకు కూడా వెళ్లాడు. 1709లో ఇల్లు కాలిపోయింది. ఆ ఇంట్లో ఆమెకు వేరే గది ఎక్కడిది? ప్రార్థించాలనిపిస్తే కట్టుకున్న గుడ్డనే తలమీదకు లాక్కుని కూర్చునేదని, అప్పుడు పిల్లలు అల్లరి ఆపేవాళ్లని చెప్పుకుంటారు. మన తల్లికి ఆ సదుపాయం పుట్టుకతోనే ఉంది. కొంగు కప్పుకుని రెండు నిమిషాలు కూర్చుంటే అమ్మ ప్రార్థనలో ఉందని ఇంట్లో అందరికీ తెలియాలి. మొదటి వారం ఎవరూ లెక్కచేయరు. నెల తిరిగేసరికి చిన్నవాడే పెద్దవాణ్ని ఉష్‌ అంటాడు.

సుసన్నా దగ్గర నేర్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది, నా దృష్టిలో అదే ముఖ్యం. వారంలో ఒక్కో సాయంత్రం ఒక్కో బిడ్డతో విడిగా కూర్చుని మాట్లాడేది. గురువారం జాన్‌ది. ఆ జాన్ వెస్లీయే మెథడిస్టు ఉద్యమాన్ని నడిపినవాడు. పెద్దయి దూరాన ఉన్నాక కూడా ఆ గురువారం సాయంత్రాన్ని తలుచుకుంటూ తల్లికి ఉత్తరం రాశాడు. మీకు ఇద్దరో ముగ్గురో ఉంటారు. గంట కుదరకపోతే పదిహేను నిమిషాలు చాలు. గడ్డికి వెళ్తూ ఒకణ్ని వెంట తీసుకెళ్లండి, పప్పు ఏరుతూ ఇంకొకరిని పక్కన కూర్చోబెట్టుకోండి. వాక్యం చెప్పొద్దు, మార్కులు అడగొద్దు. బళ్లో ఏమైందో వాళ్లనే చెప్పనివ్వండి. ఫోను మాత్రం ఇద్దరి చేతుల్లోనూ ఉండకూడదు.

మాటలు రాకపోతే, బిడ్డ కోసం ఏడ్చిన హన్నాను తలుచుకోండి. ఆమె మందిరంలో పెదవులు మాత్రమే కదపడం చూసి యాజకుడైన ఏలీ తాగి వచ్చిందనుకున్నాడు. ఆమె నోరు మూసుకుని పోలేదు. అయ్యా, నేను తాగలేదు, మనోదుఃఖంతో ఉన్నాను అని పెద్దాయనకే ఎదురు చెప్పింది. ఆయన తన తప్పు తెలుసుకుని దీవించాడు. ఆ తర్వాత ఆమె వెళ్లి భోజనం చేసిందని బైబిలు ప్రత్యేకంగా రాసింది. అప్పటికింకా బిడ్డ పుట్టలేదు, కడుపు కూడా పండలేదు. మనసులోది కక్కేసింది, అన్నం తిన్నది.

రెండు నమ్మకాల ఇల్లు

మహాశివరాత్రికి కోటప్పకొండ ప్రభల కోసం భర్త చందా రాసి, బండి కట్టుకుని వెళ్తాడు. భార్య ఆదివారం చర్చికి వెళ్తుంది. పల్నాడు పల్లెల్లో ఇలాంటి ఇళ్లు ఎన్నో. ఆ తల్లికి సంఘంలో సానుభూతి దొరుకుతుంది కానీ దారి చెప్పేవాళ్లు తక్కువ. పైగా, నీ విశ్వాసం గట్టిదైతే ఆయన ఈపాటికి మారేవాడు అనే ఎత్తిపొడుపొకటి.

తిమోతి తల్లి యునీకే ఇల్లు ఇలాంటిదే. అపొస్తలుల కార్యాలు 16వ అధ్యాయంలో ఆమె విశ్వాసం గల యూదురాలనీ, తండ్రి గ్రీసుదేశస్థుడనీ ఉంది. ఆయన మారాడని ఎక్కడా లేదు. మారలేదని ఆమెను తప్పుపట్టిందీ లేదు. పౌలు ఆ కుర్రాడి విశ్వాసాన్ని తలుచుకున్నప్పుడు రాసిన పేర్లు రెండే, అమ్మమ్మ లోయి, అమ్మ యునీకే. పిల్లాడు చిన్నప్పటి నుంచే లేఖనాలు ఎరిగినవాడని కూడా పౌలు రాశాడు. అమ్మమ్మ పేరు కూడా ఉండటం ఇక్కడ గమనించాలి. వేసవి సెలవుల్లో పిల్లల్ని వారం రోజులు అమ్మమ్మ ఊరికి పంపి వీబీఎస్‌కు (సెలవుల బైబిలు బడికి) వెళ్లనిస్తే, ఇంట్లో ఏడాది పొడుగునా వాదించి సాధించలేనిది సాధించవచ్చు. తండ్రిని పాపి అని పిల్లల ముందు అనకండి. ఆ మాట వాళ్లు మరిచిపోరు, ఆయనా మరిచిపోడు.

పెద్దయ్యాక పిల్లలు చర్చికి రావడం మానేశారని ఏడ్చే తల్లులకు కవి గుర్రం జాషువా సంగతి చెప్పాలనిపిస్తుంది. 1895 సెప్టెంబరు 28న వినుకొండలో పుట్టాడు. తండ్రి వీరయ్య యాదవుడు, తల్లి లింగమ్మ మాదిగ. క్రైస్తవ ఇంట్లో పెరిగి పురాణాలు చదివాడు, పద్యాలు కట్టాడు, దానికి సంఘంలోనే మాటలు పడ్డాడు. తన ‘గబ్బిలం’ కావ్యంలో గబ్బిలంతో కాశీ విశ్వనాథుడికి మొరపెట్టించాడు. ఆ మనిషే తర్వాత క్రీస్తు చరిత్ర రాశాడు, దానికే 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఆయన కూతురు హేమలత నాస్తికుడు గోరా కొడుకు లవణాన్ని పెళ్లాడి, జోగిని ఆచారం నుంచి ఆడపిల్లల్ని బయటికి తేవడానికి పనిచేసింది. లింగమ్మ కొడుకూ మనవరాలూ తమ దారిన తాము నడిచారు. మీ కొడుకు పాతికేళ్లకే ఏ దారిలో ఉన్నాడో చూసి అతని మీద తీర్పు రాసేయకండి.

ఓర్చుకోకూడని చోటు

తాగొచ్చి కొట్టే ఇంటి గురించి చర్చిలో గుసగుసగానే మాట్లాడతారు. బైబిలు గుసగుసలాడలేదు. మొదటి సమూయేలు 25లో అబీగయీలు మొగుడు నాబాలు మొరటువాడు, తాగుబోతు. అతని నోటి దురుసు వల్ల ఇంటిల్లిపాది మీదకూ కత్తులు దూసుకొస్తుంటే, ఆమె అతనికి చెప్పకుండానే రొట్టెలు, మాంసం గాడిదల మీద వేయించుకుని దావీదుకు ఎదురెళ్లి ప్రాణాలు కాపాడింది. తిరిగొచ్చేసరికి అతను మత్తులో ఉన్నాడు. ఆ రాత్రి ఒక్క మాట కూడా మాట్లాడలేదు. తెల్లారి మత్తు దిగాక చెప్పింది. తాగి ఉన్నవాడితో రాత్రిపూట వాదించకూడదని ఏ కౌన్సిలరైనా చెబుతాడు. మూడు వేల ఏళ్ల కిందట ఆమెకు తెలుసు.

దెబ్బలు పడుతుంటే ప్రార్థన చేయండి, దానితోపాటు 181కి ఫోను చేయండి. అది మహిళల హెల్ప్‌లైను. ప్రాణం మీదకొస్తే 112. 2005 గృహహింస చట్టం కింద మీరు కాపురం చేస్తున్న ఇంట్లో ఉండే హక్కు మీకుంది, ఇల్లు ఆయన పేరునే ఉన్నా సరే. పుట్టింటివాళ్లకు, నమ్మకమున్న పాస్టరమ్మకు ముందే చెప్పి ఉంచండి. కాన్పు తర్వాత వారాల తరబడి ఏడుపు ఆగకపోయినా, బిడ్డ మీద మనసు పోకపోయినా, బతకాలనిపించకపోయినా 14416కు చేయండి, అది టెలి మానస్, తెలుగులోనే మాట్లాడతారు. అది దయ్యం కాదు, జబ్బు. మందులుంటాయి.

పాస్టరు అయ్యగార్లకు ఒక విన్నపం. సాక్ష్యాల సమయంలో ఒక తల్లి లేచి భర్త కొట్టినా ఓర్చుకుంటున్నానని చెబితే స్తోత్రం అనకండి. ఆరాధన అయ్యాక అమ్మగారిని ఆమె ఇంటికి పంపండి.

ఉపవాసం గురించి

చివరగా శుక్రవారం ఉపవాస ప్రార్థన సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ల ఆడవాళ్లలో పదిమందికి దాదాపు ఆరుగురికి రక్తం తక్కువని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. అంటే మీ ఉపవాస ప్రార్థనలో చాప మీద కూర్చున్న వాళ్లలో సగం మందికి పైగా రక్తం తక్కువగా ఉండొచ్చు. రెంటచింతల ఎండల్లో, ఏప్రిల్ మధ్యాహ్నం, పొద్దుట్నుంచి ఏమీ తినకుండా రేకుల షెడ్డులో మూడు గంటలు కూర్చుని కళ్లు తిరిగి పడిపోతే దాన్ని ఆత్మ నడిపింపు అనుకోకూడదు. ఉపవాసం మంచిదే, బైబిల్లో ఉంది. పాలిచ్చే తల్లిని పస్తుండమన్న వచనం మాత్రం నాకు ఎక్కడా కనబడలేదు.

కడుపుతో ఉన్నా, పాలిస్తున్నా, షుగరు ఉన్నా, రక్తం తక్కువని ఏఎన్‌ఎం చెప్పినా ఈ శుక్రవారం తినే వెళ్లండి. రాగిజావ తాగండి, కోడిగుడ్డు తినండి, ఐరన్ మాత్ర వేసుకోండి, నీళ్ల సీసా వెంట తీసుకెళ్లండి. ఎందుకు తిన్నావని ఎవరైనా అడిగితే మొదటి రాజులు 19వ అధ్యాయం, ఐదో వచనం నుంచి చదవమనండి.